పర్యవేక్షకుడు లేని పరీక్ష

పరీక్ష గదిలో కాపలా లేదు. తనిఖీ బృందం రాదు. విద్యార్థి తనకు అనువైన వేళ ప్రశ్నపత్రం అందుకుని, గడువు ముగియగానే తానే కలం ఆపి జవాబుపత్రం అప్పగిస్తాడు. ఫ్లయింగ్ స్క్వాడ్‌లకూ చీటీల వేటకూ అలవాటుపడిన మనకు ఇది నమ్మశక్యంగా తోచదు. కానీ అమెరికాలో ఫిలడెల్ఫియా నగరానికి చేరువనున్న హావర్‌ఫర్డ్ కళాశాలలో సెమిస్టర్ చివరి పరీక్షలు పెక్కు ఇలాగే జరుగుతాయి.

క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు 1833లో స్థాపించిన చిన్న కళాశాల అది. విద్యార్థులు దాదాపు 1400 మంది. సత్యనిష్ఠ, సత్ప్రవర్తనల విషయంలో వారు పాటించే ‘ఆనర్ కోడ్’ అనే నియమావళి మూలాలు 1897 నాటివి. దాన్ని నిర్వహించేది యాజమాన్యం కాదు, విద్యార్థులే. వారు ఎన్నుకున్న మండలి ఫిర్యాదులను పరిశీలిస్తుంది; విచారణలో తోటి విద్యార్థులే కూర్చుంటారు.

అందులోని రెండు అంశాలు మనల్ని ఆలోచింపజేస్తాయి. మొదటిది: సహాధ్యాయి తప్పు చేశాడనిపిస్తే ముందుగా అతనితోనే మాట్లాడాలి. తప్పు నిజమైతే తానే మండలి ముందు ఒప్పుకొమ్మని ప్రోత్సహించాలి. రెండోది: విచారణ సారాంశాన్ని అందరికీ తెలిపేటప్పుడు అసలు పేర్లను దాచి ఉంచుతారు. తప్పు నుంచి అందరూ నేర్చుకోవాలి గాని, చేసినవాడు మళ్లీ తలెత్తుకోలేని స్థితి రాకూడదు.

ఇవి మనకు పరాయి విలువలా? పరోక్ష నిందను ఇస్లాం తీవ్రంగా గర్హించింది. ఏకాంతంలో హితవు చెప్పడం, సోదరుని లోపాన్ని బజారుకెక్కించకుండా ఉండటం విశ్వాసి సుగుణాలు. అయితే లోపాన్ని కప్పడం వేరు, మోసానికి కొమ్ముకాయడం వేరు. కాపీ కొట్టి తెచ్చుకున్న ర్యాంకు నిజాయితీగా చదివిన మరొక బిడ్డ సీటును లాక్కుంటుంది. సాటి మనిషి హక్కుకు భంగం కలిగినచోట మౌనం దయ అనిపించుకోదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా, లోపలి ధాన్యం తడిగా తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడని ప్రవక్త (స) స్పష్టం చేశారు. కాపీతో సంపాదించిన ధ్రువపత్రమూ అలాంటి రాశే. పైన మార్కులు పొడిగా మెరుస్తాయి; లోపల తడి ఉంటుంది. ఆ పత్రం చూపి వైద్యుడో ఇంజనీరో అయినవాణ్ణి నమ్ముకున్న ప్రజలే తుదకు నష్టపోతారు.

హావర్‌ఫర్డ్ అనుభవంలో మరో పాఠమూ ఉంది. ఆ నియమావళి ఒకసారి రాసి బీరువాలో భద్రపరచినది కాదు. ఏటా విద్యార్థులు సమావేశమై చర్చించి, ఓటు ద్వారా దాన్ని మళ్లీ ఆమోదించాలి. 2018లో అది ఆమోదం పొందలేకపోయింది. అప్పుడు ప్రత్యేక సభ జరుపుకుని విద్యార్థులే దాన్ని తిరిగి నిలబెట్టుకున్నారు. నూరేళ్లు దాటిన సంప్రదాయం సైతం వారసత్వంగా దానంతటదే అందదు. ప్రతి తరమూ దాన్ని తన భుజానికి ఎత్తుకోవాలి. ముస్లిం ఇంట పుట్టినంత మాత్రాన మన బిడ్డలకూ అమానతు అలవడదు.

దాని తొలి పాఠశాల ఇల్లే. బిడ్డ పరీక్ష రాసి రాగానే “ఎన్ని మార్కులు వస్తాయి?” అన్న ప్రశ్నకు ముందు “నిజాయితీగా రాశావా?” అన్న ప్రశ్న మన నోట రావాలి. తక్కువ మార్కులతో వచ్చినా నిజం చెప్పిన బిడ్డను దగ్గరకు తీసుకోవాలి. తప్పు ఒప్పుకున్న రోజున బంధువుల ముందు అవమానించక, ఏకాంతంలో సరిదిద్ది, పశ్చాత్తాప ద్వారం తెరిచే ఉందని తెలపాలి. ఫోన్ మోగగానే “అబ్బా ఇంట్లో లేరని చెప్పు” అని బిడ్డచేత అబద్ధమాడించే తండ్రి, ఆ తర్వాత సత్యం గురించి ఎంత బోధించినా ఫలితమేముంది?

విశ్వాసికి పర్యవేక్షకుడు లేని గది అంటూ లేదు. మన కర్మలను నమోదు చేసే గౌరవనీయులైన లేఖకులు, కిరామన్ కాతిబీన్, అనుక్షణం మనతోనే ఉన్నారు. ఆ స్పృహ బిడ్డ హృదయంలో నాటుకున్ననాడు, తనిఖీ బృందం వచ్చినా రాకున్నా వాడి కలం సత్యాన్నే రాస్తుంది.