మందార పానీయము

వేసవి వచ్చినతోడనే పిల్లలు రంగునీళ్ల సీసాలకై మారాము చేయుదురు. ఆ ఎఱుపు ఏ బుడ్డిలోనిదో, ఆ మంచు ఏ నీటిదో మన మెఱుగము. పెరటిలో ఉదయమున పూచి సాయంకాలమునకు ముడుచుకొను మందారము అంతకంటె చక్కని ఎఱుపును ఊరక ఇచ్చుచుండగా, దానిని దేవతార్చనకును తలనూనెకును మాత్రమే విడిచి, రంగును కొనితెచ్చుకొననేల?

పురాణములయందలి దేవతరువు లైదింటిలో మందార మొకటి. మన పెరటి మొక్క అది కాదు. దీనిని సంస్కృతమున జప యందురు. తెలుగున దాసాని యనియు పేరు గలదు. పానీయమునకు ఒంటిరేకల ఎఱ్ఱమందారమే శ్రేష్ఠము. ముద్దమందారపు మడతలలో చీమలును పురుగులును దాగియుండును. పిండినల్లికై మందు చల్లిన మొక్క పూవులనుగాని, అంగడిలో పూజకై అమ్ము పూవులనుగాని దీనికి వాడరాదు.

మేము చేయు విధ మిది. నలుగురికి పండ్రెండు పూవులు చాలును. తొడిమను, నడిమి పుప్పొడికాడను తీసివేసి, రేకలను రెండుమాఱులు కడుగవలెను. రెండు గ్లాసుల నీటిని తెరలకాచి, పొయ్యినుండి దింపిన పిమ్మటనే రేకలు వేసి మూత పెట్టవలెను. పొయ్యిమీద నుడికించినచో జిగురు వచ్చును. పది నిమిషములకు రేకలు వెలవెలబోయి నీరు ఊదారంగు దాల్చును. దానిని పలుచని గుడ్డతో వడకట్టి, ఎనిమిది చెంచాల పంచదార కరగించి, చల్లార్పవలెను. అటుపిమ్మట రెండు నిమ్మకాయల రసము పిండిన క్షణమున ఊదా పోయి కెంపువన్నె వచ్చును. కాచి చల్లార్చిన నీరు మఱి రెండు గ్లాసులు కలిపి, నానిన సబ్జాగింజలు చెంచాడు చొప్పున వేసి ఇచ్చిన, పిల్లలు సీసాను తలపరు. పంచదారకు బదులు బెల్లము వేయవచ్చును గాని రంగు మాయును.

ఈ రంగుమార్పు మాయ కాదు. రేకలలోని ఆంథోసయనిన్ అను పదార్థము పులుసు తగిలిన ఎఱ్ఱనగును, వంటసోడా తగిలిన పచ్చబాఱును. బడులలో మందారరసముతో పిల్లలు చేయు పరీక్ష ఇదియే. కావున ఉప్పుబావి నీటితో కాచినపుడు రంగు మసకగా నున్నచో పారబోయనక్కఱలేదు. నిమ్మరసము దానిని సరిచేయును. పులుపు తగులు పానీయము గనుక కళాయి లేని ఇత్తడిలోను, అల్యూమినియములోను ఉంచరాదు. గాజు, మట్టి, స్టీలు పాత్రలు తగినవి.

మంచునుగూర్చి మఱింత జాగ్రత్త వలయును. నీరు గడ్డకట్టినంతమాత్రమున అందలి రోగక్రిములు చావవు. చేపలను నిలువచేయుటకై తయారగు మంచుగడ్డను పిల్లల గ్లాసులలో వేయుట రోగమును చేతులారా పిలుచుటయే. ఇంట కాచిన నీటితోనే మంచు చేసికొనవలెను. ఈ పానీయమునే కొంత గడ్డకట్టించి వేసినచో కరగినను రుచి పలుచబడదు. రిఫ్రిజిరేటరు లేని యింట మట్టికూజా చాలును. నిలువ రెండవదినము దాటరాదు.

మందారము లేనివారికి దాని చుట్టమే కలదు. ఎఱ్ఱగోంగూర పూవు రాలిన పిమ్మట కాయను కప్పియుండు ఎఱ్ఱని పుల్లని రేకలను మనలో పలువురు పారవేయుదురు. ఈజిప్టు, సూడాను దేశములలో కర్కదే యనియు, సెనెగాలులో బిస్సాప్ అనియు పిలుచు ప్రసిద్ధ పానీయము వానితో చేయునదే. శీతకాలమున ఎండబెట్టి దాచినచో వేసవికి వచ్చును, నిమ్మతో పనిలేదు. 2010లో అమెరికాలో 65 మందిపై జరిగిన పరిశీలనలో, ఆఱువారములు దినమునకు మూడు కప్పులు త్రాగినవారికి రక్తపుపోటు కొంత తగ్గెను. అంతమాత్రమున ఇది మందునకు బదులు కాదు. రక్తపుపోటునకును మధుమేహమునకును మందులు పుచ్చుకొనువారు వైద్యు నడిగి త్రాగవలెను. గర్భిణులు ఈ రెండింటిని మానుటయే మేలు.

సోదరీమణులారా, పెరడు లేకున్నను కుండీలో నొక ఒంటిరేకల మందారమును నాటుడు. రాబోవు వేసవిలో మీ పిల్లలు త్రాగు ఎఱుపు ఎచ్చటిదో మీకు తెలియును.