ఈశాన్ పల్లెలో ఇంగ్లీషు పాఠాలు

విదేశంలో పాఠాలు చెప్పటమంటే మనలో చాలామందికి అమెరికానో ఇంగ్లండో గుర్తుకొస్తుంది. నేను వెళ్ళింది మాత్రం థాయిలాండులోని ఒక వరిచేల పల్లెకు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఆరు వారాలపాటు స్వచ్ఛందంగా ఇంగ్లీషు చెప్పాను. “నేర్పినదానికంటె నేర్చుకొన్నదే ఎక్కువ” అని వ్రాసి ముగించటం ఇటువంటి వ్యాసాలలో రివాజు. నా మటుకు అది నిజమే. కాని పిల్లలకేం మిగిలింది? అసలు ప్రశ్న అదీ.

ఆ ప్రాంతాన్ని ‘ఈశాన్’ అంటారు. దేశానికి ఈశాన్యాన ఉన్నది గనుక సంస్కృతంనుండి వచ్చిన పేరు. అందులో 20 ప్రావిన్సులున్నాయి. ఇళ్ళలో లావో భాషకు దగ్గరైన మాట, బడిలో థాయి. అంటే ఆ పసివాళ్ళకు ఇంగ్లీషు మూడవ భాష అన్నమాట.

మొదట్లో అంతా మనదే అనిపించింది. ప్రాథమిక తరగతులు ‘ప్రథొమ్’, పైవి ‘మత్థయొమ్’, గురువు ‘ఖ్రూ’. హల్లులు 44 అయినా, మనలాగే క, ఖలతో మొదలవుతాయి. అయితే థాయిలో రాగం మారితే అర్థమే మారిపోతుంది. ‘ఖావ్’ అన్న మాటను పైనుండి దించితే అన్నం, క్రిందినుండి లేపితే తెలుపు, క్రిందనే ఉంచితే వార్త! “అన్నం తిన్నారా?” అని పలకరించబోయి “వార్త తిన్నారా?” అన్నాను. తరగతి అంతా ఘొల్లుమంది.

నేనూ వాళ్ళను తప్పు పట్టకపోలేదు. ‘బాల్’ అనమంటే ‘బోన్’ అంటారు, ‘బస్’ అనమంటే ‘బత్’ అంటారు. మొదటి వారమంతా విసుక్కొంటూ దిద్దాను. థాయిలో పదం చివర ‘ల్’ నిలవదు, ‘న్’ అవుతుంది. ‘స్’ కాస్తా ‘త్’ అవుతుంది. అది బద్ధకం కాదు, భాషా లక్షణం. ఆ బడిలోని ఇంగ్లీషు టీచరుగారు నవ్వి, “మరి మీరు ‘బస్సు’ అంటున్నారే, చివర ఆ ‘ఉ’ ఎక్కడిది?” అన్నారు. ఇంకేం మాట్లాడను!

జూన్‌లో ఒక గురువారంనాడు ‘వాయ్ ఖ్రూ’ అనే గురువందనం జరిగింది. పిల్లలు గరిక, వంగపువ్వు, నూరువరహాల పువ్వు తెచ్చి మోకాళ్ళమీద కూర్చుని సమర్పిస్తారు. గరికలాగా విద్య అల్లుకోవాలి, వంగపువ్వులాగా తల వంచాలి, నూరువరహాల మొగ్గలాగా బుద్ధి చురుకుగా ఉండాలని భావం. నా ముందు కూడా ఆ పూలు పెట్టారు. అందుకు తగినవాడినా అన్న సందేహం ఆనాడే మొదలైంది.

చివరి వారంలో ఒక పిల్ల పాత నోటుపుస్తకం చూడటం తటస్థించింది. రంగుల పేర్లు మూడుసార్లు, మూడు వేర్వేరు దస్తూరీల దిద్దుబాట్లతో ఉన్నాయి. నాకు ముందు వచ్చిన ప్రతి స్వచ్ఛంద టీచరూ మొదటి పేజీనుండే ఎత్తుకొన్నారు. నాలుగోసారి చెప్పినవాణ్ణి నేను! పాపం, పిల్లలు ప్రతిసారీ కొత్తగా విన్నట్లే మర్యాదగా వల్లించారు.

అందుచేత మిగిలిన రోజుల్లో సాయంత్రాలు టీచరుగారితో కూర్చుని ఒక పుస్తకం తయారుచేశాను. పిల్లలకు ఇప్పటికే వచ్చిన మాటలు, నోరు తిరగని శబ్దాలు, పనికొచ్చిన ఆటలు, నోరు విప్పటానికి సిగ్గుపడే పిల్లలకు ఎలా చెప్పాలో అన్నీ వ్రాసి ఆమెకే అప్పగించాను. ఎందుకంటే, మేం వచ్చిపోయేవాళ్ళం. ఉండేది ఆమె.

బయలుదేరేముందు పెద్దలు ‘బాయ్‌సీ సూ ఖ్వన్’ జరిపి నా మణికట్టుకు తెల్లని నూలుదారాలు కట్టారు. మనిషిలో 32 ‘ఖ్వన్’లు, అంటే ప్రాణశక్తులు, ఉంటాయనీ, ప్రయాణంలో చెదరిపోకుండా ఆ దారం పట్టి ఉంచుతుందనీ వారి నమ్మకం. మూడు రోజులైనా విప్పరాదు. ఒక పిల్లవాడు “ఖ్రూ, మళ్ళీ ఎప్పుడొస్తారు?” అనడిగాడు. అబద్ధం చెప్పలేక, “నా పుస్తకం మీ టీచరుగారి దగ్గరుంది” అన్నాను.

మిత్రులారా! థాయిలాండు దాకా ఎందుకు, మన ఎన్.ఎస్.ఎస్. ప్రత్యేక శిబిరం ఏడు రోజులే. ఏ పల్లెకు వెళ్ళినా ముందు రెండు మాటలు అడగండి: మాకు ముందు ఏం చెప్పారు? మా తరువాత ఎవరు చెబుతారు? ఈ రెండూ తెలిసికొని మొదలుపెడితే, మనం వచ్చేసినా పాఠం అక్కడ ఆగిపోదు.