దెబ్బలు తిన్నవాడికే పట్టుబట్ట

సోమవారం పొద్దునే సంపాదకుడి ఫోను. కేజ్‌లోకి దిగే కుర్రాళ్ళ మనసులో ఏముంటుందో రాయాలి, గురువారం సాయంత్రానికి కాపీ అందాలి, ముఖచిత్రం మనదే. ముఖచిత్రం అన్నాక కాదనే విలేఖరి ఉండడు. ముందే చెప్పేస్తున్నా, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ మీద నాకంత మోజు లేదు. కిందపడ్డవాడి గుండెల మీద కూర్చుని గుద్దుతుంటే నా చెయ్యి రిమోట్ కోసం తడుముకుంటుంది.

అయినా పళని బస్సెక్కాను. అక్కడ మా దూరపు చుట్టాలింట్లో ఒక కుర్రాడున్నాడు. ఇరవై మూడేళ్ళు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, జిమ్ములో ఇంగ్లీషు తిట్లు. శనివారం కోయంబత్తూరులో అతనికి పోటీ. బ్యాంటమ్‌వెయిట్, అంటే 61.2 కిలోలు దాటకూడదు. శుక్రవారం పొద్దున తూకం. నేను వెళ్ళిన మంగళవారం తూకం యంత్రం 65.3 చూపించింది.

తెల్లవారుజామున ప్లాస్టిక్ సూటు తొడుక్కుని కొండ చుట్టూ గిరివీధిలో పరుగు. గుండు చేయించుకుని గంధం రాసుకున్న యాత్రికులు ఇతనిదీ ఏదో మొక్కే అనుకుని పక్కకు తప్పుకుంటున్నారు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని సూటు చేతిని మణికట్టు దగ్గర కొంచెం ఎత్తాడు. లోపల నిలిచిన చెమట కుళాయి విప్పినట్టు కారింది.

"మూడు దినాలుగా ఉప్పు ముట్టలే తమ్ముడా. తైపూసానికి కావడి ఎత్తినప్పుడు కూడా వీనికి ఇంత నిష్ఠ లేదు," అంది వాళ్ళమ్మ. వంటింట్లో ఉన్న పంచామృతం డబ్బాను ఆమె పక్కింటికి పంపేసింది. విరూపాక్షి కొండ అరటిపండు, చక్కెర, ఖర్జూరం, తేనె, నెయ్యి, కలకండ, ఏలకులు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ప్రసాదం మూత తీస్తే చాలు, వీధి చివరి దాకా తెలిసిపోతుంది.

రాత్రిపూట ప్రత్యర్థి వీడియోలు చూస్తావా అని అడిగాను.

"అవి పోయిన నెలే అయిపోయినాయి మామా. ఇప్పుడు వంటల వీడియోలు చూస్తా. దెబ్బలు గ్యాపకం రావు. నీళ్ళు గ్యాపకం వస్తాయి."

సంపాదకుడు అడిగిన మనస్తత్వం ఇదే. పోటీకి వారం ముందు ఈ కుర్రాళ్ళు రోజుకు ఆరేడు లీటర్ల నీళ్ళు తాగుతారు. తర్వాత ఒక్కసారిగా తగ్గించేస్తారు. ఒంటికి ఆ సంగతి వెంటనే తెలియదు, పాత అలవాటున నీటిని బయటికి తోస్తూనే ఉంటుంది. ఉప్పు మానేది కూడా అందుకే, ఉప్పుంటే నీరు నిలుస్తుంది. చివరి రోజు వేడినీళ్ళ తొట్టి. తూకం అయ్యాక మళ్ళీ నీళ్ళు, అన్నం. ఒక్క రోజులో పోయిన బరువులో చాలావరకు తెచ్చుకుని, తూకంలో చూపినదానికంటే పెద్ద ఒంటితో బరిలోకి దిగడం. అవతలివాడూ ఇదే చేస్తాడు కాబట్టి చివరికి ఎవరికీ లాభం లేదు. 2015 డిసెంబరులో మనీలాలో ఇలా బరువు దించుకుంటూనే యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా కుర్రాడు చనిపోయాడు. ఇరవై ఒక్కేళ్ళు. ఆ పోటీ నడిపే వన్ చాంపియన్‌షిప్ ఆ తర్వాత పద్ధతి మార్చుకుని, ఒంట్లో నీరు సరిపడా ఉందో లేదో మూత్ర పరీక్షతో చూడడం మొదలుపెట్టింది.

కథనం ఇక్కడితో సరిపోయేది. కానీ బస్సులో కాలక్షేపానికని ఫోనులో దించుకున్న ఒక పాత పుస్తకం నన్ను పట్టుకుని వదల్లేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేయించిన దక్షిణాది కులాల గ్రంథం, రెండో సంపుటం. అందులో 'జెట్టి' అనే పద్దు. జగజ్జెట్టి అని తేలిగ్గా రాసేస్తాం కదా, ఆ జెట్టే. జెట్టీలు మల్లయుద్ధం వృత్తిగా బతికిన తెలుగువాళ్ళని, తెలుగు జిల్లాల్లో నరాల నొప్పులున్నవాళ్ళకు మర్దన కూడా చేసేవాళ్ళని రాశాడు. మైసూరు దసరాలో వాళ్ళ పోరు ఎలా జరిగేదో కర్నల్ మార్క్ విల్క్స్ రాసిన వర్ణనను అందులోనే చేర్చాడు.

నారింజ రంగు చల్లడాలు, మెడలో పూలదండలు. ఎవరికి ఎవరు జోడో పెద్దలు ముందే కుదుర్చుతారు. పేరూ ఊరూ ప్రకటిస్తారు. రాజుకు ఒక దండం, జాలీ వెనకున్న అంతఃపుర స్త్రీలకు ఇంకొకటి. దండలు తీసి పూలు బరి నిండా చల్లి అప్పుడు కలబడతారు. ఆ పోరు కుస్తీ, ముష్టియుద్ధం కలిసినదని విల్క్స్ అంటాడు. ఈనాటి ఆట పేరుకు దాదాపు అనువాదమే! తల మీద తప్ప ఎక్కడా కొట్టకూడదు. నడినెత్తి నుంచి కారిన నెత్తురు ఇసుక దాకా దిగేదట.

నన్ను నిలేసింది మాత్రం చేతి ఆయుధం. గేదె కొమ్ముతో చేసింది, కుడిచేతికి తొడుక్కునేది. కణుపుల వరసలో నాలుగు మొనలు, చిటికెనవేలి వైపు ఇంకో పెద్ద మొన. సరిగ్గా పట్టుకుంటే మామూలు బలమున్నవాడు కూడా ఒక్క దెబ్బకు తల పగలగొట్టగలడు. అందుకే సరిగ్గా పట్టుకోనివ్వరు. వేళ్ళ కీళ్ళకు నడుమ ఎటూ బిగువు దొరకని చోట కడతారు. గట్టిగా కొడితే కొట్టినవాడి వేళ్ళే తొలుగుతాయి.

ఈ వాక్యం దగ్గర బస్సులో చాలాసేపు ఆగిపోయాను. ఇప్పటి కేజ్‌లో తొడుక్కునేది నాలుగు ఔన్సుల గ్లవ్. ఆ మెత్త కాపాడేది మొదట కొట్టేవాడి పిడికిలిని. పిడికిలి భద్రంగా ఉంటే దెబ్బ గట్టిగా పడుతుంది. జెట్టీల కొమ్ముకు కొట్టేవాడి మీదే అనుమానం.

పోరు మరీ ముదిరితే రాజు తరఫు పెద్దలు తలపాగాలు, వస్త్రాలు బరిలోకి విసిరి ఆపించేవాళ్ళు. అవి ఇద్దరికీ. గెలిచినవాడు నాకేం అలుపు లేదన్నట్టు నాలుగైదు పల్టీలు కొట్టుకుంటూ వెళ్ళేవాడు. జెట్టీల్లో అయిదు తరగతులు, గెలిస్తే పై తరగతి, ముసలితనంలో జోడీలు కుదిర్చే పెద్దల పదవి. ఇదంతా చదివి మురిసిపోయేలోపు అదే పద్దులో ఇంకో సంగతి: టిప్పు కాలంలో ఖైదీల మెడలు విరిచే పనికీ జెట్టీలనే వాడారట. మోజు కాస్త తగ్గింది.

అంతకు ముందటి మాట విజయనగరంలో దొరుకుతుంది. పదహారో శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసినదాన్ని రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషులో వేశాడు. రాజుకు వెయ్యిమంది మల్లులు, చేతుల్లో మొనలున్న వలయాలు. ఎక్కువ గాయపడ్డవాడు వెళ్ళి పట్టుబట్ట బహుమానంగా అందుకుంటాడు. గెలిచినవాడి మాట ఆయన ఎత్తనే లేదు.

ఇక పళనికీ ఈ మల్లులకూ సంబంధం ఏమిటంటారా? విజయనగరం పంపగా వచ్చిన విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మదురలో నిలదొక్కుకున్నాడు, నాడంతా 72 మంది పాళెగాళ్ళకు పంచారు, వాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. పళని చుట్టుపక్కల విరూపాక్షి, ఆయకుడి అలాంటి పాళేలే. విరూపాక్షి గోపాల నాయకుణ్ణి 1801లో ఇంగ్లీషువాళ్ళు ఉరితీశారు. ఈ కుర్రాడి వంశంలో జెట్టీలు ఎవరూ లేరు. అడిగితే వాళ్ళమ్మ నవ్వింది, మావాళ్ళు ఎద్దుల్ని ఆడించినోళ్ళు అంది.

కేజ్‌లో మనవాళ్ళు
మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే అమెరికా సంస్థ యూఎఫ్‌సీ మొదటి పోటీ 1993 నవంబరు 12న డెన్వర్‌లో. అందులోకి అడుగుపెట్టిన మొదటి భారతీయుడు భరత్ ఖండారే, 2017లో. అన్షుల్ జుబ్లీ 2023 ఫిబ్రవరిలో 'రోడ్ టు యూఎఫ్‌సీ' టోర్నీ గెలిచాడు, అదే ఏడు అక్టోబరులో అబుదాబిలో ఓడాడు. 2024 జూన్ 8న లూయీవిల్‌లో పూజా తోమర్ గెలిచింది, యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ.

అయిదు నిమిషాలు
మామూలు పోటీకి అయిదేసి నిమిషాల మూడు రౌండ్లు, టైటిల్ పోటీకి అయిదు. కళ్ళలో పొడవడం, కొరకడం, గజ్జల్లో కొట్టడం నిషిద్ధం. పెద్ద పోటీల్లో బరిలోకి దిగినందుకు ఒక మొత్తం, గెలిస్తే దానికి తోడు ఇంకొకటి.

బుధవారం రాత్రి కుర్రాడికీ వాళ్ళమ్మకూ పట్టుబట్ట సంగతి చెప్పాను. ఈ శనివారం గెలిచినవాడికి ఎంతో కొంత వస్తుంది. ఓడినవాడికి పోను రాను బస్సు చార్జీ, ఒక టీషర్టు.

"ఎక్కువ తన్నులు తిన్నోనికా పట్టు?" అంది వాళ్ళమ్మ.

కుర్రాడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునే అన్నాడు: "అట్లయితే రెండో దినానికే అందరూ పడిపోను నేర్చుకునుంటారు మామా."

ఆలోచిస్తే అదీ నిజమే. నూనిజ్‌ను అడగాల్సిన ప్రశ్న.

గురువారం మధ్యాహ్నం వాళ్ళ అరుగు మీదే కూర్చుని ఈ కాపీ రాస్తున్నాను. తూకం యంత్రం 62.4 చూపిస్తోంది. తొట్టికి రాత్రి దాకా ఆగాలి. ఈలోగా కుర్రాడు చూయింగ్ గమ్ నములుతూ, ఊరిన ఉమ్మిని ఖాళీ నీళ్ళ సీసాలో ఉమ్ముతున్నాడు. అదీ బరువేనట. పొద్దుటి నుంచి పావు సీసా నిండింది.