ఫోను పుస్తకానికి ఒక కిటికీ



ఒకప్పుడు పహణీ కోసం తాలూకా కచేరీకి వెళ్లినవారికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. కిటికీ దగ్గర నిలబడి సర్వే నంబరు చెప్పేవాళ్లం. గుమాస్తా లోపలికి వెళ్లి చూసి నకలు తెచ్చి ఇచ్చేవాడు. దస్త్రాల గదిలోకి మనల్ని రానిచ్చేవాడు కాదు. రెండు రిజిస్టర్లు పక్కపక్కన పరిచి సరిచూసుకుంటామంటే అసలే ఒప్పుకునేవాడు కాదు.

మన ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఇలాంటి కిటికీ ఉంది. దాని పేరు కంటెంట్ ప్రొవైడర్. ఫోను నంబర్ల పుస్తకం, ఫోటోల జాబితా, క్యాలెండరు వేరే యాప్‌లకు అందేది దీని గుండానే.

సిరుగుప్పలో ఎరువుల దుకాణం ఉన్న ఒక పెద్దాయనకు ఆయన మేనల్లుడు యాప్ రాసిపెడుతున్నాడనుకుందాం. అరువు బాకీలు యాప్ సొంత డేటాబేసులో ఉన్నాయి. రైతుల నంబర్లు ఫోను పుస్తకంలో ఉన్నాయి. బాకీ ఉన్నవారి పేరు, నంబరు, మొత్తం ఒక్కచోట కావాలి. రెండు పట్టికలూ తన డేటాబేసులోనే ఉంటే జాయిన్ అనే ఒక్క మాటతో పని తీరిపోయేది. కిటికీ దగ్గర ఆ మాట చెల్లదు. ఏ పట్టిక, ఏ గడులు, ఏ షరతు, ఏ వరుస: అక్కడ మామూలుగా అడగగలిగింది ఇంతే.

కుర్రవాడు ముందు పేర్లన్నీ తెప్పించి, ఆ తర్వాత ఒక్కొక్క మనిషి నంబరు కోసం మళ్లీ మళ్లీ వెళ్లాడనుకోండి. 500 మందికి 501 సార్లు. ఫోను నత్తలా నడుస్తుంది. నిజానికి అంత తిరగనక్కరలేదు. ఫోను నంబర్ల వరుసలనే నేరుగా అడిగితే, పేరును పక్కన చేర్చి ఒక్కసారే ఇస్తారు. ఆ కలపడం కిటికీ లోపలివాళ్లు ముందే చేసిపెట్టారు. బాకీల పట్టీతో జోడించడం మాత్రం యాప్ తనవైపు చేసుకోవలసిందే. పేరును బట్టి జోడిస్తే, మన సరిహద్దు ఊళ్లలో ఇంకో తంటా ఉంది. నాగరాజు పేరు ఒకచోట తెలుగులో, ఇంకోచోట కన్నడ లిపిలో ఉంటే యంత్రానికి వాళ్లిద్దరూ వేరు మనుషులే!

కొందరు ప్రోగ్రామర్లు కిటికీకి దొంగదారి కనిపెట్టారు. షరతును లోపల బ్రాకెట్లలో పెడతారని గమనించి, ఆ బ్రాకెట్టును తామే మూసేసి, వెనుక గ్రూప్ బై అనే ఆజ్ఞ తగిలించేవారు. ఫోటోలను ఆల్బములుగా విడదీయడానికి ఇది బాగా వాడారు. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక ఆ యాప్‌లు అక్కడ కూలబడ్డాయి. వరుస చెప్పే చోట లిమిట్ అని దూర్చే అలవాటుకు కూడా మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 11లో ఫోటోల కిటికీ అడ్డుకట్ట వేసింది. ఎన్ని వరుసలు కావాలో చెప్పడానికి 2017లోనే సక్రమమైన దారి ఇచ్చారు. దాన్ని పాటించడం మాత్రం లోపలివాడి ఇష్టం.

ఇంత కట్టడి ఉందిగదా, మన పుస్తకం భద్రమేననుకోకండి. కిటికీ ప్రశ్న తీరును కట్టడి చేస్తుంది, రాశిని కాదు. కాంటాక్టులకు అనుమతి ఇచ్చామంటే పుస్తకం మొత్తం తీసుకుపోవచ్చు. 2020 డిసెంబరులో తెలంగాణలో పోలీసు కేసులైన అప్పుల యాప్‌ల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పు తీసుకున్నవారి బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీశారు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టుల జాబితా జోలికి వెళ్లరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన పెట్టింది.

మన సిరుగుప్ప మేనల్లుడికి ఆ అనుమతే అక్కరలేదు. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫోను పుస్తకాన్ని తెరిచి చూపే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనే ఉంది. దుకాణదారు ఒక పేరును వేలితో తాకుతాడు. ఆ ఒక్క నంబరే యాప్‌కు అందుతుంది. దాన్ని బాకీ పక్కనే తన డేటాబేసులో రాసుకుంటే రెండు పట్టికలూ ఒకే ఇంట్లో ఉన్నట్టు, జాయిన్ కూడా చక్కగా నడుస్తుంది. రైతు నంబరు మారితే మాత్రం మళ్లీ ఒకసారి తాకి మార్చుకోవాలి.