పాత కారు మొరాయిస్తే: ముందు పరీక్ష, ఆ తరువాతే మార్పు

శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, శివకాశి, విరుదునగర్, కోవిల్‌పట్టి పరిసరాల పల్లెలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పాత కారు విలాస వస్తువు కాదు. చివరి బస్సు వెళ్లిపోయిన తరువాత ఇంట్లో పెద్దవారికి ప్రాణం మీదకు వస్తే, శ్రీవిల్లిపుత్తూరు నుండి డెబ్భై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మదురై పెద్దాసుపత్రికి చేర్చేది తరచుగా వాకిట నిలిపిన ఆ మారుతి 800 గాని, ఆ అంబాసిడర్ గాని అవుతుంది. ఈ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడున్నవాటిని కాపాడుకోవడం తప్ప మరో దారి లేదు.

అయితే పాత కారు మరమ్మతులో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అరిగిన సామాను వల్ల కాదు. ఊహ మీద సామాను మార్చడం వల్ల. ముందు ప్లగ్గులు, తరువాత కాయిల్, ఆ తరువాత సెన్సర్, చివరకు ‘కంప్యూటర్ పోయింది’ అనే మాట. ఇంత ఖర్చు అయిన తరువాత అసలు దోషం తుప్పు పట్టిన ఒక ఎర్త్ వైరు అని తేలడం అరుదు కాదు. క్రమం తప్పకుండా పరీక్షిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఆ క్రమాన్ని వివరించడమే ఈ వ్యాస ఉద్దేశ్యం.

మీ కారు ఏ తరానిది?

పెట్రోలు కార్లలో నిప్పురవ్వను పుట్టించే ఏర్పాటు స్థూలంగా మూడు తరాలు. మొదటిది సి.బి. పాయింట్లు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత పద్ధతి. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిలలో ఉండేది ఇదే. రెండవదానిలో డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది కాని పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పనిచేస్తుంది. మూడవది ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు కఠినం కావడంతో కార్బొరేటర్ క్రమంగా తప్పుకొని, ఇంజన్‌ను నడిపే బాధ్యత సెన్సర్లకు, వాటి కబురును బట్టి నిర్ణయం తీసుకొనే ఇ.సి.యు. అనే పెట్టెకు వచ్చింది.

డీజిల్ కార్లకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. డీజిల్ అంబాసిడర్ గాని, తొలి ఇండికా గాని ఉదయం మొరాయిస్తే హీటర్ ప్లగ్గులు, డీజిల్ ఫిల్టర్, పైపులో చేరిన గాలి చూడాలి.

మొదటి మెట్టు: బ్యాటరీ, ఎర్త్

స్పార్క్‌నైనా సెన్సర్‌నైనా అనుమానించే ముందు బ్యాటరీని పరీక్షించాలి. కొద్ది వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ ఇందుకు చాలు. కారు కొన్ని గంటలు నిలిచిన తరువాత నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 చూపితే సగం ఖాళీ అయినట్లే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 కంటే కిందకు జారితే బ్యాటరీ బలహీనపడి ఉండాలి, లేదా టెర్మినళ్లు తుప్పు పట్టి ఉండాలి. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుండి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్లు.

తరువాత ఎర్త్ వైరు. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండవదానిని ఇంజన్ లోహం మీద ఉంచి సెల్ఫ్ కొట్టినప్పుడు సగం వోల్టుకు మించి చూపరాదు. మించితే ఎర్త్ పట్టీని విప్పి, రెండు కొనలను గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది బిగించాలి. సెన్సర్లు పంపేది చాలా స్వల్పమైన విద్యుత్తు. ఎర్త్ చెడితే బాగున్న సెన్సర్ కూడా అబద్ధం చెబుతుంది.

రెండవ మెట్టు: నిప్పురవ్వ ఉందా?

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే ఒక ప్లగ్గును విప్పి, దాని వైరుకు తగిలించి, ప్లగ్గు లోహభాగం ఇంజన్‌కు గట్టిగా తాకేలా ఉంచి మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. నీలిరంగులో చిటచిటమంటూ రవ్వ వస్తే ఇగ్నిషన్ చాలావరకు బాగున్నట్లే. ఎర్రగా, సన్నగా వస్తే బలహీనం. రవ్వ అసలు రాకపోతే దోషం కాయిల్ నుండి వెనక్కి వెతకాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఆ వైరులో వేల వోల్టులు ఉంటాయి, చేతితో పట్టుకోరాదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న కార్లలో ప్లగ్గును ఎర్త్ చేయకుండా గాలిలో వదిలితే మాడ్యూలే కాలిపోవచ్చు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష ఆపివేయాలి. చీకటిలో చూడడానికి టార్చి ఉండాలి. శివకాశి అగ్గిపెట్టె ఎంత మంచిదైనా ఇంజన్ దగ్గర దానికి పనిలేదు.

విప్పిన ప్లగ్గు కొన చాలా సంగతులు చెబుతుంది. లేత గోధుమరంగు ఆరోగ్య లక్షణం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతున్నట్లు. తడిగా ఉంటే ఇంధనం వస్తోంది కాని మండడం లేదు. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై వేడి ఎక్కువైనట్లు. జిడ్డు నూనె ఉంటే దోషం ఇగ్నిషన్‌ది కాదు, ఇంజన్ అరుగుదలది.

పాయింట్లు ఉన్న కార్లలో వాటి ఎడం సుమారు 0.4 మి.మీ. ఉండాలి, కచ్చితమైన కొలతకు ఆ కారు పుస్తకం చూడాలి. పాయింట్లు పదే పదే కాలి గుంటలు పడుతుంటే కండెన్సర్‌ను అనుమానించాలి. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల వెంట్రుకవంటి నల్లని గీత కనిపిస్తే అది పగులు. విద్యుత్తు ప్లగ్గుకు పోకుండా దాని గుండా ఎర్త్‌లోకి జారిపోతుంది. రాత్రి చీకటిలో బోనెట్ ఎత్తి ఇంజన్ నడిపితే, చెడిన ప్లగ్గు వైరు మీద నీలి మెరుపులు కనిపిస్తాయి. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో ఈశాన్య రుతుపవనాల తేమకు మిస్సింగ్ మొదలైతే ముందుగా చూడవలసినవి ఈ మూతా, ఈ వైర్లే.

మూడవ మెట్టు: వేడికి ఆగిపోయే కారు

ఈ ప్రాంతంలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది. ఉదయం కారు చక్కగా నడుస్తుంది. మధ్యాహ్నపు ఎండలోనో, చెంగోట దాటి ఆరియంకావు కనుమ ఎక్కేటప్పుడో ఉన్నట్టుండి ఆగిపోతుంది. అరగంట చల్లబడితే ఏమీ జరగనట్లు మళ్లీ కదులుతుంది. మెకానిక్కు దగ్గరకు చేరేసరికి దోషం మాయమవుతుంది.

దీనికి ముఖ్య కారణాలు మూడు. కార్బొరేటర్ కార్లలో పైపులోని పెట్రోలు వేడికి ఆవిరై పంపుకు అందకపోవడం ఒకటి. వేడెక్కిన కాయిల్ లోపలి తీగ తెగినట్లు కావడం రెండు. ఎం.పి.ఎఫ్.ఐ. కార్లలో ఇంజన్ తిరుగుడును గమనించే క్రాంక్ సెన్సర్ గాని, క్యామ్ సెన్సర్ గాని వేడికి మూగబోవడం మూడు. ఈ సెన్సర్ కబురు అందకపోతే రవ్వను ఎప్పుడు కొట్టాలో ఇ.సి.యు.కు తెలియదు.

వీటిని వేరుచేసే ఉపాయం ఒక్కటే: కారు ఆగిన ఆ నిమిషంలోనే, చల్లబడక ముందే, పక్కకు నిలిపి రవ్వ పరీక్ష చేయడం. రవ్వ ఉండి పెట్రోలు లేకపోతే ఆవిరి సమస్య. పంపు మీద తడిగుడ్డ వేస్తే తేరుకుంటుంది. రవ్వ లేకపోతే కాయిల్ లేదా సెన్సర్. ఆర్.పి.ఎం. ముల్లు ఉన్న కార్లలో సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆ ముల్లు ఏమాత్రం కదలకపోతే చాలాసార్లు అది క్రాంక్ సెన్సర్ వైపే చూపుతుంది.

నాలుగవ మెట్టు: సెన్సర్ల సాక్ష్యం

ఇంజన్ నీటి వేడిని చెప్పే సెన్సర్ చెడితే ఉదయం స్టార్టు కష్టమవుతుంది, నల్లపొగ వస్తుంది, మైలేజి పడిపోతుంది. సాధారణంగా దీని నిరోధం 20 డిగ్రీల వద్ద సుమారు 2,000 నుండి 2,700 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉంటుంది. అనేక కార్లలో డాష్‌బోర్డు ముల్లుకు ఒకటి, ఇ.సి.యు.కు మరొకటి ఉంటాయి. ఒకదాని కోసం వెళ్లి రెండవదానిని మార్చడం మామూలుగా జరిగే పొరపాటు.

మరొక సంగతి. ఎండ ప్రాంతమని చెప్పి థర్మోస్టాట్ వాల్వును తీసివేయించే అలవాటు ఉంది. అలా చేస్తే ఇంజన్ తగిన వేడికి చేరదు. ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ నిజమే చెబుతుంది, ఇ.సి.యు. పెట్రోలు ఎక్కువగా పోస్తూనే ఉంటుంది. అప్పుడు మైలేజి పడిపోయిందని ఆక్సిజన్ సెన్సర్‌ను మార్చినందువల్ల ప్రయోజనం ఉండదు.

యాక్సిలరేటర్ స్థితిని తెలిపే సెన్సర్ వోల్టేజి, పెడల్ నెమ్మదిగా తొక్కుతుంటే సుమారు సగం వోల్టు నుండి నాలుగున్నర వరకు జారకుండా పెరగాలి. మధ్యలో తూలితే బండి ఆ చోటనే కుదుపుతుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కిన తరువాత 0.1, 0.9 వోల్టుల మధ్య నిరంతరం ఊగుతుండాలి; ఒకేచోట నిలిచిపోతే అనుమానించాలి. ఐడిలింగ్ ఎక్కువ తక్కువలుగా ఊగుతుంటే సెన్సర్ కంటే ముందు ఎండకు బీటలు వారిన రబ్బరు పైపులను చూడాలి. తాళం తిప్పగానే వెనుక సీటు కింద రెండు సెకన్లపాటు పెట్రోలు పంపు సన్నని మోత వినిపించకపోతే ఫ్యూజు, రిలే చూడాలి.

ఏ సెన్సర్‌నైనా మార్చే ముందు దాని కనెక్టర్‌ను విప్పి చూడడం మంచిది. నల్లరేగడి దుమ్ము, పచ్చని తుప్పు, వదులైన పిన్ను, పొలం ఎలుకలు కొరికిన వైరు అనే నాలుగే అనేక ‘సెన్సర్ దోషాలకు’ మూలం.

హెచ్చరిక దీపం: సాక్షి మాత్రమే, తీర్పు కాదు

ఇంజన్ బొమ్మ ఉన్న దీపం వెలిగితే ఇ.సి.యు. ఒక కోడ్‌ను దాచుకొన్నదని అర్థం. పాత మారుతి ఎం.పి.ఎఫ్.ఐ. కార్లలో ఈ కోడ్‌ను దీపం మినుకులను లెక్కించి చదువుతారు. 12 వస్తే దోషమేదీ నమోదు కాలేదని భావం. తరువాతి కార్లలో 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలిస్తారు. చవక స్కానర్ అన్ని పాత కార్లతోనూ మాట్లాడదు.

కోడ్ అర్థాన్ని సరిగా గ్రహించాలి. ఉదాహరణకు పి 0335 అంటే ‘క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో దోషం’ అని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని వైర్లు, కనెక్టర్ అన్నీ కలిసి. కావున మెకానిక్కును ‘ఏమి మార్చాలి?’ అని కాక ‘అన్నా, ఏమి పరీక్షించి చూశారు?’ అని మర్యాదగా అడగడం ఇంటివారి హక్కు. తీసిన పాత సామానును చూపమని కోరడం కూడా తప్పు కాదు.

చేయరాని పనులు

ఛార్జింగ్ ఉందో లేదో చూడడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీయడం పాత డైనమో కాలపు అలవాటు. ఆల్టర్నేటర్, ఇ.సి.యు. ఉన్న కారులో అలా తీస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి ఇ.సి.యు. కాలిపోవచ్చు. బాడీకి వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ వైర్లు విప్పించాలి. నీళ్ల పంపుతో ఇంజన్‌ను కడిగించరాదు. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టరాదు. అది కారునే తగలబెడుతుంది.

పెట్రోలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే సాధారణమైంది. ఇథనాల్ తేమను పీల్చుకొంటుంది. పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. నెలల తరబడి కారును కదపకుండా ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచడం మంచిది కాదు. అటువంటి కారు మొరాయిస్తే స్పార్క్‌ను నిందించే ముందు పెట్రోలు, పైపులు, ఫిల్టర్ చూడాలి.

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఎఫ్.సి. పరీక్ష జరిపి, ఆర్.సి.ని అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. పొగ సర్టిఫికెట్ ఎలాగూ కావాలి. ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సర్ సరిగా లేని కారు ఆ పరీక్షలో నిలవడం కష్టం.

ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉంచి, ఏ తేదీన ఏ సామాను మార్చారో, అప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిందో రాసుకోవాలి. కారు ఆగినప్పుడు ఇంజన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా, వాన కురుస్తోందా అన్నది కూడా అందులో చేరాలి. కొత్త మెకానిక్కు చేతికి ఆ పుస్తకం ఇస్తే సగం వెతుకులాట తప్పుతుంది. బిగించిన ఎర్త్ పట్టీ, శుభ్రమైన టెర్మినళ్లు, కారులో ఒక టార్చి, ఒక మల్టీమీటర్, ఒక జత మంచి ప్లగ్గులు, నాలుగు ఫ్యూజులు ఉంటే అర్ధరాత్రి ఆసుపత్రి దారిలో కారు నిలిచిపోయే అవకాశం చాలా తగ్గుతుంది.