అంపైర్ లేని ఆటకు కాపలా ఎవరు?

గోల్ఫ్ టోర్నమెంట్‌లో ఇంటర్న్‌షిప్ అంటే కోదాడ, చిలుకూరు వైపు పెద్దవాళ్లు తరచూ అడిగేది ఒకటే: ‘సంచులు మోయడమా?’ సంచి మోసేది క్యాడీ, అదీ అనుభవం కావలసిన పనే. ఇంటర్న్ పని పూర్తిగా వేరు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవాలనుకునే పిల్లల్ని ఈ అపోహతోనే వెనక్కి లాగడం అన్యాయం.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ప్రతి బంతి వెనకా అంపైర్ ఉంటాడు. గోల్ఫ్‌లో, ముఖ్యంగా అమెచ్యూర్ పోటీల్లో, నలభై యాభై మంది ఒకేసారి పద్దెనిమిది హోల్స్ మీద చెల్లాచెదురుగా ఆడుతుంటారు. అందరి వెంటా రిఫరీలను పంపడం కుదరదు. ఆటగాడే తన తప్పు చెప్పుకోవాలి. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో 1997లో పుట్టిన గోల్ఫర్ సాహిత్ తీగల 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో అదే చేశాడు. బంకర్‌ అనే ఇసుక గుంటలో క్లబ్ వెనక్కి ఎత్తేటప్పుడు ఇసుక తగిలిందనిపించి, తానే అధికారిని పిలిచి రెండు స్ట్రోకుల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు.

ఇంత నమ్మకం మీద నడిచే ఆటకు ఏర్పాట్లు పక్కాగా ఉండాలి. హద్దులకు తెల్ల గుర్తులు, నీటి గుంటల వంటి పెనాల్టీ ప్రాంతాలకు ఎరుపు, పసుపు గుర్తులు ముందే పెట్టాలి. ఎక్కడైనా గుర్తు చెరిగిపోతే ఆటగాడి నిజాయితీకి కూడా ఆధారం ఉండదు. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1991 నుంచి పీజే బోట్‌రైట్ జూనియర్ పేరుతో ఇంటర్న్‌షిప్ నడుపుతోంది. ఎంపికైన యువతీయువకులు రాష్ట్ర, ప్రాంతీయ సంఘాల్లో చేరి అక్కడి పోటీల పనుల్లో చేయివేస్తారు.

ఆ పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది ఆట వేగాన్ని కాపాడటం. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. పైనుంచి ఎన్ని నీళ్లు వదిలినా తూము పట్టినంతే పారుతుంది, మిగతాది వెనక్కి ఎగదన్నుతుంది. గోల్ఫ్‌లో ఆ తూము పార్-3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న హోల్. పెద్ద హోల్‌లో ముందు జట్టు బంతి చేరే దూరం దాటి వెళ్లగానే వెనక జట్టు మొదలుపెట్టవచ్చు, అంటే ఒకే హోల్‌లో రెండు జట్లు పడతాయి. పార్-3లో మొదటి దెబ్బే గ్రీన్, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి, మీదికి చేరుతుంది కాబట్టి, ముందువాళ్లు ఆట ముగించి పక్కకు తప్పుకునేదాకా వెనకవాళ్లు ఆగాల్సిందే. అక్కడ ఒక్కో జట్టుకు పది నిమిషాలు పడుతుందనుకుందాం. జట్లను మొదలుపెట్టించే స్టార్టర్ ఎనిమిది నిమిషాలకో జట్టును వదిలితే రెండో జట్టు రెండు నిమిషాలు ఆగుతుంది, మూడోది నాలుగు, పదోది పద్దెనిమిది. ఎవరూ నిదానంగా ఆడకపోయినా కాలువ నిండిపోతుంది! అందుకే ఇక్కడా వారబందీ, అంటే వంతులవారీ పద్ధతి, కావాలి: పది నిమిషాలకో జట్టు, మధ్యలో అప్పుడప్పుడూ ఒక ఖాళీ వంతు. వాచీ చూసుకుంటూ కోర్సంతా తిరిగే ఇంటర్నే ఇక్కడ కాలువ కాసే లస్కరు. పోయిన బంతిని వెతకడానికి 2019 దాకా అయిదు నిమిషాలుండేవి, ఇప్పుడు మూడే. చివరి ఆయకట్టు దాకా నీళ్లు చేరినట్టు, చివరి జట్టు వెలుతురుండగానే ముగించాలంటే ఆ రెండు నిమిషాలూ విలువైనవే.

టీ టైంకు, అంటే ఆట మొదలుపెట్టే వేళకు, రాహుకాలం చూసేవాళ్లకు ఒక మాట. బంతి దారిని మార్చేది రాహువు కాదు; పొద్దుటి మంచు, మధ్యాహ్నపు గాలి, ముందు జట్లు గ్రీన్ మీద వదిలిన అడుగులు. అందుకే మొదటి రోజు పొద్దున ఆడినవాళ్లను రెండో రోజు మధ్యాహ్నానికి మార్చే పద్ధతి ఉంది. గ్రీన్ ఎంత వేగంగా ఉందో కొలవడానికి 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ ఆలోచించిన స్టింప్‌మీటర్ అనే గాడి పట్టీ ఉంది. దాని మీంచి బంతిని జార్చి, ఎన్ని అడుగులు దొర్లిందో రెండు వైపులా చూసి సగటు తీస్తారు.

చివరి పని నీడలో, బల్ల దగ్గర. గోల్ఫ్‌లో ఒకరి స్కోరు మరొకరు రాస్తారు, ఆటగాడు సరిచూసి సంతకం చేస్తాడు. 1968 మాస్టర్స్‌లో అర్జెంటీనా ఆటగాడు రొబెర్టో డి విసెంజో పదిహేడో హోల్‌లో మూడు దెబ్బలే కొట్టినా, తోటి ఆటగాడు నాలుగు అని రాశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. రౌండ్‌లో 65 కొట్టినవాడికి 66 ఖాయమైంది, ఛాంపియన్‌తో ప్లేఆఫ్ ఆడే అవకాశం పోయింది. ఎక్కువ రాసిన అంకె అలాగే నిలుస్తుంది, తక్కువ రాస్తే పోటీ నుంచే తొలగింపు. మొత్తం కూడటం మాత్రం నిర్వాహకుల బాధ్యత. అందుకే బల్ల దగ్గరి ఇంటర్న్ మొత్తం అడగడు. ఒక్కో హోల్ అంకెనూ పైకి చదివి వినిపిస్తాడు, ఇద్దరి సంతకాలూ ఉన్నాయో లేదో చూస్తాడు, ఆ తర్వాతే ఆటగాణ్ని అక్కడినుంచి కదలనిస్తాడు.