ఒక్క జత.. పొడిగా ఉండాలి!

తార్నాకలో హాస్టల్ గది. రాత్రి పదకొండైంది. తెల్లారితే సికింద్రాబాద్‌లో రైలెక్కాలి. మంచం మీద బట్టల గుట్ట. రెండు జీన్సులు, నాలుగు టీషర్టులు, ఓ హుడీ, పెద్ద తువ్వాలు, అమ్మ పంపిన చెగోడీల డబ్బా. అన్నీ కుక్కేశాక రెయిన్‌కోట్ గుర్తొస్తుంది. అప్పటికే బ్యాగు నిండిపోయింది. ‘వానొస్తే అప్పుడు చూద్దాంలే’ అనుకుని అడుగున ఎక్కడో దూర్చేస్తారు. ‘ప్యాకింగ్ అయిపోయింది’ అని గ్రూపులో మెసేజ్ కూడా పెట్టేస్తారు.

మీ సంగతీ ఇంతేనా? అయితే ట్రెక్‌కి వెళ్లే ముందు ఈ నాలుగు మాటలు మీకోసమే.

ఓయూ ఆర్ట్స్ కాలేజీ నుంచి హాస్టల్‌కి వస్తూ తడిస్తే ఏమవుతుంది? గదికెళ్లి బట్టలు మార్చుకుంటారు. ఓ చాయ్ తాగుతారు. అక్కడితో కథ ముగుస్తుంది. కొండ మీద గది ఉండదు, చాయ్ బండీ ఉండదు. మీ దగ్గరున్న పొడి బట్టలన్నీ వీపు మీది సంచిలోనే ఉంటాయి. అవీ తడిశాయంటే ఆ రాత్రి గడవడమే కష్టం.

చలి ఎక్కడి నుంచి వస్తుంది?

కిలోమీటరు ఎత్తుకు వెళితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన కల్సూబాయి శిఖరం 1,646 మీటర్లు. అంటే ఇక్కడికంటే సుమారు ఏడు డిగ్రీలు తక్కువ. హిమాచల్‌లోని హంప్టా పాస్ నాలుగు వేల మీటర్లు దాటుతుంది. తేడా ఇరవై డిగ్రీలకు పైమాటే. దీనికి గాలీ వానా తోడైతే చెప్పక్కర్లేదు.

నీరు మన ఒంట్లోని వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే మంచు లేకపోయినా, ఉష్ణోగ్రత పది డిగ్రీల దగ్గర ఉన్నా, తడి బట్టలతో గాలిలో నిలబడితే ప్రమాదమే. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగితే దాన్ని హైపోథెర్మియా అంటారు.

ఇక్కడ పెద్ద శత్రువు మనకెంతో ఇష్టమైన జీన్సే. నూలు బట్ట నీటిని పీల్చుకుని బరువెక్కుతుంది, ఒంటికి అతుక్కుంటుంది, ఓ పట్టాన ఆరదు. పాలియెస్టర్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు అలా కాదు. తడిసినా తొందరగా ఆరిపోతాయి. ఉన్ని అయితే తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. మన గొర్రెల కాపరులకు ఇది ఎప్పుడో తెలుసు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని తలమీదుగా కప్పుకుని ముసురులోనూ మంద వెంట తిరిగేది అందుకే.

లేబుల్ చదవండి

దుకాణంలో ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి ఉంటే చిన్న జల్లుకు ఆగుతుందని అర్థం. గంటసేపు కురిసే వానకు అది చాలదు. ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉండాలి. కొన్ని జాకెట్ల మీద 5,000 ఎంఎం, 10,000 ఎంఎం అని అంకెలుంటాయి. ఆ గుడ్డ మీద అన్ని మిల్లీమీటర్ల ఎత్తున నీటిని నిలబెట్టినా లోపలికి దిగదని లెక్క. కానీ బ్యాగు పట్టీలు భుజాలను నొక్కేచోట ఒత్తిడి ఎక్కువ. అందుకే నాలుగైదు గంటలు వానలో నడవాల్సి వస్తే పెద్ద అంకే నయం.

జాకెట్‌ను లోపలివైపు తిప్పి చూడండి. కుట్ల మీద టేపు అతికించి ఉండాలి. లేకపోతే గుడ్డ ఎంత మంచిదైనా సూది రంధ్రాల్లోంచి నీరు కారుతుంది. చంకల దగ్గర జిప్పులుంటే ఇంకా మంచిది. ఎక్కేటప్పుడు అవి తెరిస్తే చెమట ఆవిరి బయటికి పోతుంది. మామూలు ప్లాస్టిక్ రెయిన్‌కోట్‌లో వాన తడపకపోయినా చెమటే తడిపేస్తుంది.

బడ్జెట్ లేదా? ఒక్కరోజు చిన్న గుట్టకైతే పాంచో సరిపోతుంది. బ్యాగు మీదుగా కప్పుకోవచ్చు, గాలీ ఆడుతుంది. అయితే ఈదురుగాలికి ఎగురుతుంది, దిగేటప్పుడు పాదాలు కనపడనివ్వదు. పెద్ద ట్రెక్‌కి సీనియర్ల దగ్గర మంచి జాకెట్ అడిగి తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఏది ఎక్కడ పెట్టాలి?

మూడు రోజుల ట్రెక్‌కి రెండు జతలు చాలు. ఒకటి నడక జత, ఇంకోటి రాత్రి జత. అదనంగా ఓ వెచ్చని ఫ్లీస్, రెండు మూడు జతల సాక్సులు. జీన్సు ఇంట్లోనే ఉంచండి.

ముందుగా బ్యాగు లోపల పెద్ద, మందపాటి ప్లాస్టిక్ సంచిని పరచండి. ఇదే మీ అసలు రక్షణ. బ్యాగుపై తొడిగే రెయిన్ కవర్ ఉంది కదా అంటారా? వీపు వైపు దానికి అడ్డం ఉండదు. మెడ మీద నుంచి కారిన నీళ్లు అటునుంచే లోపలికి చేరతాయి. గట్టి గాలికి కవరే ఎగిరిపోవచ్చు.

ఆ సంచిలో అట్టడుగున రాత్రి జత. దాన్ని మళ్లీ విడిగా ఓ జిప్ కవర్‌లో పెట్టండి. బట్టలను చుట్టలుగా చుట్టి, కవర్‌పై మోచేత్తో నొక్కి గాలి తీసేసి జిప్ వేస్తే సగం చోటు కలిసొస్తుంది. దానిపైన ఫ్లీస్, సాక్సులు. తర్వాత ప్లాస్టిక్ సంచి మూతిని మెలిపెట్టి లోపలికి మడిచేయండి.

మరి రెయిన్ జాకెట్, ప్యాంటు? అవి ఆ సంచి బయట, బ్యాగులో అన్నిటికన్నా పైన ఉండాలి. కారణాలు రెండు. చినుకు మొదలయ్యాక నిమిషంలో చేతికి అందాలి. పొడి బట్టల మూట విప్పాల్సిన పని పడకూడదు. రెండోది, వాన తగ్గాక ఆ తడి జాకెట్‌ను మళ్లీ లోపల పెట్టినా పొడి బట్టలకు తడి అంటకూడదు. జాకెట్‌ను ఇస్త్రీ మడతలా ఒకే గీత మీద పదేపదే మడవొద్దు. అక్కడ పూత పగులుతుంది. వదులుగా చుట్టి దాని టోపీలోనే దోపేయండి.

చివరగా ఓ ఖాళీ కవర్. విడిచిన తడి బట్టలకు అది కావాలి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా తిరిగి మీతోనే ఇంటికి రావాలి సుమా!

ముందే ఓ రిహార్సల్

కొత్త జాకెట్ పనితనం కొండ మీద తెలుసుకోవద్దు. వాన పడే రోజు చూసి, సర్దిన బ్యాగు తగిలించుకుని ముషీరాబాద్ నుంచి రాంనగర్, అడిక్‌మెట్ మీదుగా క్యాంపస్‌కి నడవండి. గంటకు పైగా పడుతుంది. వచ్చాక బ్యాగు విప్పి చూడండి. ఎక్కడ తడిసిందో, భుజం ఎక్కడ ఒరుసుకుందో తెలిసిపోతుంది. వాన లేదా? హాస్టల్ బాత్‌రూమ్‌లో షవర్ కింద పది నిమిషాలు నిలబడండి. స్నేహితులు నవ్వితే నవ్వనీయండి.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాధన మొదలుపెట్టింది మన భువనగిరి రాతి గుట్ట మీదే. ఆ తర్వాతే డార్జిలింగ్, లద్దాఖ్. ఎంత పెద్ద కొండకైనా తయారీ ఇంటి దగ్గరే మొదలవుతుంది.

అసలు పరీక్ష పొద్దున్నే

టెంటుకు చేరగానే తడి బట్టలు విప్పి రాత్రి జత వేసుకుంటారు. హాయిగా నిద్రపోతారు. తెల్లారేసరికి నిన్నటి బట్టలు చల్లగా, తడిగా ఎదురుచూస్తుంటాయి. బయట ఇంకా వానే. ‘ఈ పొడి బట్టలతోనే నడిస్తే పోలా’ అనిపిస్తుంది. అక్కడే ఆగండి. పళ్లు బిగపట్టి తడి జతే వేసుకోండి. నడక మొదలెట్టాక కాసేపటికి ఒళ్లు వేడెక్కుతుంది. పొడి జతతో బయల్దేరారా, సాయంత్రానికి రెండు జతలూ తడిసి ఊరుకుంటాయి.

దీనికి ఒక్కటే మినహాయింపు. మీకో, పక్కవాళ్లకో ఆగకుండా వణుకు, మాట తడబాటు, జిప్పు పెట్టుకోలేనంతగా వేళ్లు మొద్దుబారడం కనిపిస్తే ఇంకేం ఆలోచించొద్దు. గాలి తగలని చోటుకు చేర్చి, తడి బట్టలు తీసేసి పొడివి తొడగండి. స్లీపింగ్ బ్యాగులో చుట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర వేసిన వేడి పానీయం పట్టండి. మద్యం అస్సలు వద్దు. వెంటనే లీడర్‌కు చెప్పండి. అలాంటి వేళ మీరు దాచిన ఆ జత మీదే కాకపోవచ్చు, మీ దోస్తుది కావచ్చు. దాని విలువ అప్పుడు తెలుస్తుంది.

తిరిగొచ్చాక

ఎంత అలసిపోయినా తడి జాకెట్‌ను బ్యాగులో వదిలేయకండి. బూజు పడుతుంది, లోపలి పూత జిగటగా మారి ఊడిపోతుంది. లేబుల్ మీద చెప్పినట్టు ఉతికి నీడన ఆరేయండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు. అది నీటిని జార్చే గుణాన్ని దెబ్బతీస్తుంది.

ఈ అలవాటు సరదా ట్రిప్పులకే అనుకోకండి. జియాలజీ, బోటనీ విద్యార్థులకు ఫీల్డ్ వర్క్ తప్పదు. అటవీశాఖ కొలువు కోరుకునేవారికి వానాకాలం సెలవేమీ కాదు. పర్వతారోహణ నేర్చుకుందామని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌కో బేసిక్ కోర్సుకు వెళితే దాదాపు నాలుగు వారాలు సంచీతోనే సావాసం. అక్కడ మీ బ్యాగు ఇంకెవరూ సర్దిపెట్టరు.

ఈసారి రైలుకు ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టండి. ముందు ప్లాస్టిక్ సంచి, అడుగున రాత్రి జత, పైన రెయిన్ జాకెట్. చోటు మిగిలితే అప్పుడు చెగోడీల డబ్బా. మిగులుతుంది కూడా, జీన్సులు తీసేశారుగా!